రోజూ తలనొప్పి బిళ్ళ కొనుక్కెళ్లే ఆవిడకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

పలాస వైపు నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు వద్దు అంది. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి చెప్తా. డి.ఫార్మసీ చేసింది, పాతికేళ్లు ఉంటాయి, వాళ్ల పెదనాన్న మెడికల్ షాపులో పనిచేస్తోంది. గోడ మీద ఫ్రేమ్ కట్టి ఉన్న సర్టిఫికెట్ ఈ అమ్మాయిదే కానీ షాపు నడిచేది మాత్రం పెదనాన్న మాట మీదే. ఆ షాపుకి జీడి పరిశ్రమలో గ్రేడింగ్ పని చేసే ఒకావిడ వస్తుంది, నలభై దాటి ఉంటాయి, తలనొప్పి బిళ్ళలు వారానికి రెండు స్ట్రిప్పులు, అంటే ఇరవై బిళ్ళలు పట్టుకెళ్తుంది. ఒక్కో వారం మూడోదీ అడుగుతుంది. పారాసిటమాల్, కెఫీన్, ఇంకో నొప్పి మందు కలిసిన కాంబినేషన్ బిళ్ళ అది. బీపీ ఉందని ఎప్పుడో క్యాంపులో చెప్పారట గానీ దానికి మాత్రం ఏమీ వాడట్లేదు.

ఒకరోజు ఈ అమ్మాయి ఉండబట్టలేక నలుగురూ నిలబడి ఉన్నప్పుడే "ఇన్ని వేసుకుంటే కిడ్నీలు పోతాయండీ" అనేసింది. ఆవిడ ముఖం మాడ్చుకుని "నిన్న గాక మొన్న వచ్చినావు, నువ్వేటి తల్లీ నాకు సెప్పేది, మీ పెదనాన్న ఇన్నేళ్ల నుంచీ ఇస్తన్నాడు" అని ఎదురు షాపుకి వెళ్లి కొనుక్కుంది. పెదనాన్న ఆ రాత్రి గట్టిగానే అరిచాడట, గిరాకీని తరిమేస్తున్నావని. కొన్నాళ్లకి ఆవిడ మళ్లీ వచ్చింది కానీ ఇప్పుడు పెదనాన్న ఉన్నారా అని తొంగి చూసి, ఉంటేనే లోపలికి వస్తోంది. ఈమధ్య ఎవరో చెప్పారని మైగ్రేన్ బిళ్ళ కూడా అడిగిందట.

ఇంకో సంగతి కూడా రాసింది. అరవై దాటిన ఒక పెద్దాయన, జన్మలో తలనొప్పి ఎరగనివాడు, వారం నుంచి ఒకటే పోటు అని వస్తే పెదనాన్న రెండు బిళ్ళలిచ్చి పంపేశాడట, ఆయన మళ్లీ రాలేదు, ఆయనకేమైందో అని ఈ అమ్మాయికి గుబులు. చివర్లో అడిగింది ఏంటంటే, నేను డాక్టర్ని కాదు కదా, చెప్పే హక్కు నాకుందా? ఆవిడతో ఏం మాట్లాడాలి? పెదనాన్నని ఏం చెయ్యాలి? ఇదంతా వదిలేసి విశాఖలో ఏదైనా హాస్పిటల్ ఫార్మసీలో చేరిపోనా?

అమ్మాయీ, ముందు హక్కు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అదొక్కటే ఇందులో తేలిగ్గా తేలేది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 2015లో ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో మందు తీసుకెళ్లేవాళ్లకి దాని గురించి వివరంగా చెప్పడం కూడా ఫార్మసిస్టు పనే అని స్పష్టంగా ఉంది. అంటే నువ్వు చెప్పొచ్చా అని కాదు, చెప్పకపోతేనే తప్పు. నీకు లేనిదల్లా రోగం పేరు పెట్టి ట్రీట్‌మెంట్ రాసే అధికారం. "మీకు మైగ్రేన్ ఉంది" అనడం నీ పని కాదు, "ఇది డాక్టర్‌కి చూపించాల్సిన తలనొప్పి, ఇది నేనిచ్చే పారాసిటమాల్‌తో రెండ్రోజులు చూడొచ్చు" అని విడదీయడం మాత్రం నీ పనే. మన దగ్గర తలనొప్పి వచ్చినవాళ్లు ముందు వచ్చేది మెడికల్ షాపుకే కాబట్టి నువ్వు విడదీయకపోతే అది ఇంకెవరూ చెయ్యరు.

ఇప్పుడు ఆవిడ సంగతి. నువ్వు ఉత్తరంలో లెక్క వేశావు చూడు, వారానికి ఇరవై అంటే రోజుకి దాదాపు మూడు, పారాసిటమాల్ ఒక్కో బిళ్ళలో 250 మిల్లీగ్రాములు, మొత్తం 750, రోజుకి 4 గ్రాముల లిమిట్‌లో ఇది ఏపాటిది, మరి నేను అనవసరంగా భయపడుతున్నానా అని. ఆ లెక్క కరెక్టే, కానీ చూడాల్సిన లెక్క అది కాదు. తలనొప్పి మందుల్లో రోజుకి ఎంత అనేది ఒక లెక్క, నెలలో ఎన్ని రోజులు అనేది ఇంకో లెక్క, ఈ రెండోది కాలేజీలో మనకి సరిగ్గా చెప్పరు. తలనొప్పి తరచూ వచ్చే మనిషి మూడు నెలలకి పైగా ఉత్త పారాసిటమాల్ లాంటిది నెలకి 15 రోజులు గానీ, కాంబినేషన్ బిళ్ళలు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మందులు, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు లాంటివి నెలకి 10 రోజులు గానీ వాడుతూ, నెలలో సగం రోజులు తలనొప్పితోనే ఉంటుంటే, ఆ మందే తలనొప్పి తెస్తోందేమో అని అనుమానించాలి. తలనొప్పి డాక్టర్లు వాడే అంతర్జాతీయ కొలత ఇదే. రోజుకి ఒక్క బిళ్ళే వేసుకున్నా సరే, రోజూ వేసుకుంటే ఈ కొలతలోకి వచ్చేస్తారు. ఆవిడ పొద్దున లేవగానే తల బరువుగా ఉంటుంది అని చెప్పిందని రాశావు కదా, రాత్రి వేసుకున్న బిళ్ళ పనితనం తెల్లారేసరికి దిగిపోయి మళ్లీ నొప్పి మొదలవడం ఇందులో చాలామంది చెప్పేదే. దానికి తోడు కెఫీన్. ఒక బిళ్ళలో 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పైన పనిచోట టీలు ఎన్నో, అలవాటైన కెఫీన్ టైముకి అందకపోయినా తల నొప్పెడుతుంది.

ఇది ఆవిడకి తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆవిడ దృష్టిలో తలనొప్పి వస్తోంది కాబట్టి బిళ్ళ వేసుకుంటోంది, తగ్గుతోంది కాబట్టి బిళ్ళ మంచిది. పైగా గ్రేడింగ్ పని అంటే పొద్దుట్నుంచి తల వంచుకుని పప్పు ఏరడం, టిఫిన్ చేసిందో లేదో, నీళ్లు తాగిందో లేదో, బిళ్ళ లేకపోతే ఆ రోజు కూలి పోతుంది. నువ్వు బిళ్ళ మానెయ్ అంటే ఆవిడకి వినపడేది పని మానెయ్ అని.

కిడ్నీల మాట దగ్గర మాత్రం నీతో కొంచెం గట్టిగానే చెప్తా. నువ్వున్నది ఉద్దానం పక్కన. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ ఊళ్లలో డయాలసిస్‌కి వెళ్లే మనిషి లేని వీధి వెతుక్కోవాలి. చదువు రానివాళ్లు కూడా నీ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష లెక్క) ఎంత అని ఒకళ్లనొకళ్లు అడుగుతారు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారంటేనే అర్థం చేసుకో. అలాంటి చోట కౌంటర్ మీద నుంచి నలుగురి ముందు "కిడ్నీలు పోతాయి" అంటే అది సలహా లాగా వినపడదు, శాపనార్థం లాగా వినపడుతుంది. ఆవిడ ఇంట్లోనే ఎవరైనా అలా పోయారేమో నీకేం తెలుసు? నువ్వన్నది అబద్ధం కాదు. ఉద్దానంలో ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, నీళ్లన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్ళల్నీ అనుమానించారు. ఒకటి మాత్రం ఖాయం, కిడ్నీ అప్పటికే కొంచెం దెబ్బతిని ఉన్న మనిషికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ లాంటివి రోజూ పడితే ఇంకా దెబ్బతింటుంది, అందుకే మీ ప్రాంతంలో ఎవరికైనా నొప్పి బిళ్ళ ఇచ్చే ముందు ఒకసారి ఆగాల్సిందే. కానీ ఆ మాట పక్కకి పిలిచి చెప్పాలి, అదీ మొదటి మాటగా కాదు. గ్యాస్ బిళ్ళ కలిపి ఇచ్చేస్తే సరిపోతుందిలే అనే అలవాటు ఒకటుంది మన షాపుల్లో, గ్యాస్ బిళ్ళ కడుపునే కాస్తుంది, కిడ్నీని కాయదు, ఇది మీ పెదనాన్నకి కూడా చెప్పు.

సరే, ఏం చెయ్యొచ్చో చూద్దాం.

అడిగినంత ఇచ్చేసి ఊరుకోవచ్చు. ఇంట్లో గొడవ ఉండదు, ఆవిడా రోజూ నవ్వుతూ పలకరిస్తుంది. కానీ వారానికి రెండు స్ట్రిప్పులు మూడవుతాయి, ఇప్పటికే ఆ దారిలోనే ఉంది, మైగ్రేన్ బిళ్ళ అడగడం దానికి తర్వాత మెట్టు. బీపీ కూడా ఉందంటున్నావు, నొప్పి బిళ్ళల్లో చాలావాటికి బీపీ పెంచే గుణం ఉంది.

లేదా ఇవ్వను అనొచ్చు. అది ఒకసారి చేసి చూశావు, ఎదురు షాపుకి వెళ్లింది. ఆ షాపు కూడా ఇవ్వకపోతే కిరాణా కొట్లో దొరుకుతుంది. ఈ బిళ్ళల సంగతి ఎంత దూరం వెళ్లిందో తెలుసు కదా, 2018లో కేంద్రం 328 కాంబినేషన్ మందుల్ని ఒక్కసారే నిషేధించినప్పుడు సారిడాన్ అనే ఇలాంటి తలనొప్పి బిళ్ళ కూడా ఆ లిస్టులో ఉంది, తర్వాత సుప్రీం కోర్టుకెళ్లి అది బయటపడింది, ఇవాళ్టికీ అమ్ముతున్నారు. ఢిల్లీలోనే అంత కిందామీదా పడ్డ విషయాన్ని నువ్వొక్కదానివి కౌంటర్ దగ్గర ఆపలేవు. పైగా ఇవ్వను అన్నాక ఆవిడతో మాట్లాడే అవకాశం కూడా పోతుంది, నాకు అదే ఎక్కువ నష్టం అనిపిస్తుంది.

మూడోది, ఇస్తూనే అడగడం. నాకు ఇదే నచ్చుతుంది కానీ ఇది స్పీడుగా పనిచేసేది కాదు, ముందే చెప్తున్నా. ఆవిడ నీ మీద అలిగి ఉంది కాబట్టి బిళ్ళ ఊసెత్తకుండా బీపీ మిషన్‌తో మొదలుపెట్టు. మన జనానికి తలనొప్పి అంటే బీపీయేమో అనే అనుమానం ఎలాగూ ఉంటుంది. నిజానికి మామూలుగా పెరిగే బీపీతో తల నొప్పెట్టదు, బాగా ఎక్కువ, పై అంకె 180, కింది అంకె 120 దాటి అలా వెళ్తే తప్ప, అందుకే చాలామందికి బీపీ ఉన్నట్టే తెలియదు. అయినా ఆ అనుమానం నీకు పనికొస్తుంది. "అమ్మా, తల నొప్పి అంటున్నావు కదా, ఓసారి బీపీ చూస్తా కూర్చో, డబ్బులేం వద్దు" అంటే కాదనే మనిషి ఉండదు. మిషన్ కట్టి ఉన్న ఆ రెండు నిమిషాలు ఆవిడ ఎక్కడికీ కదలదు, కానీ అప్పుడు మాట్లాడితే రీడింగ్ తప్పొస్తుంది కాబట్టి చూసేశాకే అడుగు, ఈ నెలలో తలనొప్పి లేని రోజులు ఎన్ని ఉన్నాయి అని. ఎన్ని బిళ్ళలు వేసుకున్నావు అని మాత్రం అడక్కు, అలా అడిగితే దొంగని అడిగినట్టుంటుంది, తగ్గించి చెప్తారు. నొప్పి లేని రోజులు అని అడిగితే ఆవిడే ఆలోచిస్తుంది, చాలాసార్లు అక్కడే "ఏ రోజూ లేదమ్మా" అని వాళ్ల నోటితోనే వస్తుంది.

అప్పుడు చెప్పు, ఈ బిళ్ళ రోజూ వేసుకుంటే బిళ్ళ దిగిపోయాక మళ్లీ నొప్పి తెచ్చే రకం తల్లీ, నీ తప్పు కాదు, చాలామందికి జరుగుతుంది అని. ఇంట్లో క్యాలెండర్ ఉంటుందిగా, నొప్పి వచ్చిన రోజు ఒక గీత, బిళ్ళ వేసుకున్న రోజు సున్నా పెట్టమను, అక్షరం ముక్క రాకపోయినా చెయ్యొచ్చు. నెల తిరిగాక ఆ కాగితం ఏ డాక్టర్ ముందు పెట్టినా పని సగం అయిపోతుంది. ఈలోపు కాంబినేషన్ బదులు ఉత్త పారాసిటమాల్, అదీ వారంలో రెండు రోజులకి మించకుండా. డోలో సేఫే కదా అని రోజూ వేసుకోకూడదు, ఉత్త పారాసిటమాల్‌కి కూడా పైన చెప్పిన 15 రోజుల లెక్క ఉంది. తాగుడు అలవాటున్న మగవాళ్లకైతే లివర్ సంగతి కూడా ఆలోచించాలి, అది వేరే కథ.

బిళ్ళలు ఎలా ఆపాలి అనేది డాక్టర్ దగ్గర జరగాలి. నీ పని డాక్టర్ దాకా పంపడం, ఉత్త నోటి మాటతో కాదు, ఒక చిన్న చీటీ రాసివ్వు: ఏ మందు, వారానికి ఎన్ని, ఎన్నాళ్లుగా, బీపీ ఇవాళ ఎంత. క్రియాటినిన్ పరీక్ష చేయించమని నువ్వు ఆవిడతో అనక్కర్లేదు, మీ వైపు డాక్టర్ ఆ చీటీ చూస్తే తనే రాస్తాడు, కిడ్నీ మాట నీ నోట్లోంచి రాకుండానే పని అవుతుంది. రోజూ వచ్చే తలనొప్పికి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి, ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరే చూడాలి, ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనలాల్ పడదు, అలాంటివి ఉంటాయి. ఆవిడ చాటుగా ట్రమడాల్ గానీ ఇంకేదైనా గానీ వాడుతోందా అని కూడా కనుక్కో, పారాసిటమాల్, కెఫీన్ లాంటివి ఒక్కసారే ఆపెయ్యొచ్చు కానీ ట్రమడాల్ అలా ఆపకూడదు.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పకపోతే అంతా పాడైపోతుంది. బిళ్ళ ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, నిద్ర పట్టదు. ఇది తెలియనివాళ్లు మూడో రోజుకే "బిళ్ళ లేకపోతే నేను బతకలేను" అని మళ్లీ మొదలుపెడతారు, దానికి నిన్నే తిడతారు కూడా. ముందే చెప్పి ఉంచితే, ఆ అమ్మాయి చెప్పినట్టే జరుగుతోంది కదా అని ఓర్చుకుంటారు. జీడి పని జోరు మీద ఉన్నప్పుడు మొదలుపెట్టించకు, నాలుగు రోజులు సెలవు దొరికే టైమ్ చూసుకోమను.

మైగ్రేన్ బిళ్ళ అడిగితే మాత్రం బేరం లేదు, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వొద్దు, పెదనాన్న ఇస్తానన్నా వద్దను. మన దగ్గర బాగా నడిచే ఆ బిళ్ళల్లో ఎర్గోటమిన్ ఉంటుంది, అది రక్తనాళాల్ని బిగబట్టే మందు, బీపీ ఉన్నవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, గర్భిణీలకి ఇవ్వకూడదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్న మనిషికి అది పడితే కాళ్లూ చేతులకి రక్తం అందక వేళ్లు నల్లబడే దాకా వెళ్లొచ్చు. ఒకే షాపులో గొంతు నొప్పికి ఒకటి, తలనొప్పికి ఒకటి ఇచ్చి పంపేస్తే అదే అవుతుంది, చూసేవాళ్లు ఎవరు నువ్వు తప్ప?

ఆ పెద్దాయన గురించి నీ గుబులు ఊరికే కాదు. యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి బిళ్ళతో పంపించేది కాదు. అలాగే ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ పట్టేసిన నొప్పి, మాట తడబడటం, ఒక వైపు చెయ్యో కాలో లాగేయడం, ఫిట్స్, చూపు మసకబారడం, దెబ్బ తగిలాక మొదలైంది, అయిదో నెల దాటిన గర్భిణీకి వచ్చిన తలనొప్పి, వీటిల్లో దేనికీ కౌంటర్ మీద మందు లేదు, 108కి ఫోన్ చేయించడమో ఆటో ఎక్కించడమో, అంతే. డెంగ్యూ సీజన్‌లో జ్వరంతో తలనొప్పి అని వస్తే పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్ళ ఇవ్వొద్దు. ఇవన్నీ అందర్నీ అడగక్కర్లేదు, అడిగితే సాయంత్రం గిరాకీ టైములో షాపు బయట లైను కడుతుంది. "ఎవరికి?" అని ఒకటి, "ఇది ఎప్పుడూ వచ్చేదేనా, కొత్తగా ఉందా?" అని ఒకటి, ఈ రెండూ మాత్రం ఎవర్నీ వదలకుండా అడుగు. ఎవరికి అని అడక్కపోతే, ఆవిడకే అనుకుని ఇచ్చింది ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లాడికి వేస్తారు. 12 ఏళ్ల లోపు పిల్లలకి నిమెసులైడ్ 2011 నుంచీ నిషేధం, ఇంట్లో వేసేవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది. ఆ పెద్దాయన ఏ ఊరో తెలిస్తే ఆ ఊరి ఆశా కార్యకర్తకి ఒక ఫోన్ కొట్టు, అందులో తప్పేం లేదు.

ఇక పెదనాన్న. ఆయన్ని చట్టంతో బెదిరించొచ్చు, డైక్లోఫెనాక్ లాంటివి షెడ్యూల్ హెచ్, చీటీ లేకుండా అమ్మితే ఇన్‌స్పెక్షన్‌లో లైసెన్స్‌కే ఎసరు. నిజమే, కానీ ఆయన ఇన్నేళ్లు అలాగే అమ్మి ఏమీ కాకుండా ఉన్నవాడు, పైగా పెంచిన చెయ్యి, ఆ మాటతో ఇంట్లో చెడుతుంది తప్ప షాపు మారదు. నేనైతే ఆయన భాషలో మాట్లాడతా. తలనొప్పి స్ట్రిప్పు మీద మిగిలేది ఎంత, అదే మనిషిని డాక్టర్ దగ్గరికి పంపి బీపీ బిళ్ళ మొదలైతే నెలనెలా మన దగ్గరే కొంటుంది కదా పెదనాన్నా అను. ఇలాంటి బేరం మాట నీకు నచ్చకపోవచ్చు, నాకూ పెద్దగా నచ్చదు, కానీ అది పనిచేస్తుంది. ఒక్క రూలు మాత్రం ఆయనతో ఒప్పించుకో, షెడ్యూల్ హెచ్ మందులు నువ్వు కౌంటర్‌లో ఉన్నప్పుడు నీ చేతి మీదుగానే వెళ్లాలి అని. దానికి కూడా ఆయన ససేమిరా అంటే అప్పుడు విశాఖ గురించి ఆలోచించు.

వెళ్లినా తప్పు లేదు. హాస్పిటల్ ఫార్మసీలో చీటీ లేని మనిషి నీ ముందుకే రాడు, మనశ్శాంతిగా ఉంటుంది, జీతం టైముకి వస్తుంది. ఇలాంటి ఆవిడలు మాత్రం అక్కడ కనపడరు, వాళ్లు డాక్టర్ దగ్గరికే వెళ్లరు కాబట్టి. ఆ రెంటిలో నీకేది కావాలో నేను చెప్పలేను. వెళ్లేదానివైతే మాత్రం ఆ గోడ మీద ఫ్రేమ్ అలాగే వదిలి వెళ్లకు, మనోళ్లే కదా, ఏడాది గడవనీ అంటారు. నువ్వు లేని షాపులో నీ పేరు మీద ఏం అమ్మినా అడిగేది నిన్నే. ముందు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కాగితం పెట్టి నీ పేరు తీయించుకో, ఆ రసీదు దగ్గర పెట్టుకో, ఆ తర్వాతే బస్సెక్కు.